కారే క్రౌను మామూలు కాదు

బండి వెనక ఇరుసు హౌసింగ్ నుంచి ఆయిల్ కారుతోందని చెబితే మన దగ్గర వినిపించే జవాబు దాదాపు అన్నిచోట్లా ఒకటే. “క్రౌను కాస్త కారడం మామూలే. లోడు బండికి ఆ మాత్రం ఉంటుంది. అప్పుడప్పుడు ఆయిల్ పోసుకుంటే చాలు.” విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పెద్ద లారీల షెడ్ల దగ్గర్నుంచి మండల కేంద్రంలో చెట్టు కింద పనిచేసే మెకానిక్ దాకా ఈ మాట నడుస్తోంది. బండి నడిపించే ఓనరు అంటాడు, పాత బండి అమ్మిపెట్టే బ్రోకరు అంటాడు, పక్క బండి డ్రైవరు అంటాడు. ఇంతమంది ఇన్నేళ్లుగా అంటున్నారు కాబట్టి ఇది అనుభవం నేర్పిన నిజమని అందరూ నమ్ముతున్నారు.

ఇది నిజం కాదు. ఈ మాట నమ్మి ఆయిల్ పోస్తూ తిరిగిన బండ్లే చివరికి క్రౌను, పినియన్, బేరింగులు అన్నీ మార్చుకునే స్థితికి వస్తున్నాయి. దీనికి జోడుగా, ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు గురించి ఇంకో మాట కూడా ఉంది. “సీలు మార్చేస్తే పోతుంది.” పైకి ఈ రెండూ వేర్వేరు సలహాల్లా కనిపిస్తాయి. ఒకటి ఏమీ చేయొద్దంటుంది, రెండోది చేయమంటుంది. కానీ రెండింటిలోనూ ఉన్న తప్పు ఒక్కటే. ఆయిల్ ఎందుకు బయటికి వస్తోందని రెండూ అడగవు. కారణం తేల్చకుండా ఆయిల్ పోయడం రిపేరు కాదు. కారణం తేల్చకుండా సీలు మార్చడమూ రిపేరు కాదు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందుగా ఆ హౌసింగ్‌లో ఏం జరుగుతుందో చూడాలి. గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్టు పినియన్‌ను తిప్పుతుంది, పినియన్ క్రౌన్ వీల్‌ను తిప్పుతుంది. మలుపు తిరిగేటప్పుడు బయటివైపు చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం పోవాలి. ఆ తేడాను సర్దే చిన్న పళ్ల చక్రాలు క్రౌను మధ్యలో ఉంటాయి. ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెక్కర్ అనే గడియారాల పనివాడు 1820ల చివర్లో ఆవిరి బండి కోసం పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది. సూత్రం ఈనాటికీ అదే. ఇక ఈ పళ్లకు ఆయిల్ ఎలా అందుతుందో చూడాలి. ఇంజనుకు ఆయిల్ పంపు ఉంటుంది, ప్రెషరు పడిపోతే డ్రైవరు కళ్ల ముందు ఎర్ర లైటు వెలుగుతుంది. వెనక హౌసింగ్‌కు మన పికప్పుల్లో, లారీల్లో మామూలుగా పంపు ఉండదు, గేజి ఉండదు, లైటు ఉండదు. క్రౌన్ వీల్ అడుగు భాగం ఆయిల్‌లో మునిగి ఉంటుంది. అది తిరుగుతూ చిమ్మిన ఆయిలే పైదాకా వెళ్లి, కాలువల్లాంటి దారుల గుండా పినియన్ బేరింగులకు చేరాలి. అంటే ఇక్కడ ఆయిల్ మట్టమే పంపు. మట్టం తగ్గితే పంపు చెడినట్టే. ఆ సంగతి డ్రైవరుకు చెప్పే సాధనం మాత్రం బండిలో లేదు.

ఇప్పుడు “కొంచెమే కదా కారేది” అన్న వాదనకు వద్దాం. ఒక చుక్కను చూసి కొంచెమే అంటాం. ముప్పై చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు అనుకుందాం. నిమిషానికి ఒక్క చుక్క చొప్పున, బండి రోజుకు 10 గంటలు తిరిగితే 600 చుక్కలు, అంటే 20 మిల్లీలీటర్లు. నెలకు 600 మిల్లీలీటర్లు. పెద్ద లారీ హౌసింగ్‌లో పట్టే ఆయిల్‌కు ఇది చిన్న భాగమే కావచ్చు. ఊళ్లలో తిరిగే చిన్న ట్రక్కు సంగతి వేరు. లీటరున్నర పట్టే హౌసింగ్ అనుకుంటే, మూడో వంతు కంటే ఎక్కువ నెలలోనే పోయినట్టు. చుక్క చిన్నదే, కానీ హౌసింగ్‌లో ఉన్నదీ చిన్న మొత్తమే. ఈ లెక్క వేయకుండా కొంచెమే అనడానికి ఆధారం లేదు.

“బండి నిలిపిన చోట మరక పడటం లేదు, కాబట్టి పెద్దగా కారడం లేదు” అనే మాట ఇంకా మోసకరమైనది. బండి నిలిచి ఉన్నప్పుడు ఆయిల్ అడుగున కూర్చుంటుంది. మట్టం ఇప్పటికే తగ్గిపోయి ఉంటే సీలు దాకా అందదు కూడా. నడిచేటప్పుడు క్రౌను చిమ్మడం, వేడికి ఆయిల్ పలచబడటం, పినియన్ తిరగడం, ఇవన్నీ కలిసి కారడం మొదలవుతుంది. అప్పుడు పడే చుక్కలు రోడ్డు పాలు. కొన్ని బండ్లకు, షాఫ్టును పినియన్‌కు కలిపే ఫ్లాంజి తిరుగుతూ ఆ ఆయిల్‌ను చుట్టూ విసురుతుంది. నేల మీద మరక లేకపోయినా, ఫ్లాంజికి పైన బాడీ అడుగున జిడ్డు చారలు చుట్టూ పడి ఉంటాయి. కింద పడుకుని చూసినవాడికే అవి కనిపిస్తాయి. షెడ్డు నేల శుభ్రంగా ఉందంటే హౌసింగ్ పొడిగా ఉన్నట్టు కాదు, ఒక్కోసారి కారడానికి ఇక మిగలలేదని అర్థం.

ఘాట్ రోడ్డు మీద ఈ నష్టం రెట్టింపవుతుంది. మారేడుమిల్లి ఘాట్ గానీ, అరకు ఘాట్ గానీ, శ్రీశైలం దారి గానీ ఎక్కేటప్పుడు బండి ముందు భాగం పైకి లేస్తుంది. హౌసింగ్‌లో ఉన్న ఆయిల్ వెనక్కి జారుతుంది. పినియన్ ఉండేది హౌసింగ్ ముందు వైపున. మట్టం సరిగా ఉన్న బండిలో ఈ జారుడును తట్టుకునేంత ఆయిల్ ఉంటుంది. కారి కారి తగ్గిన బండిలో ఉండదు. చిన్న గేరులో, నిండు లోడుతో, పినియన్ మీద అన్నిటికంటే ఎక్కువ బరువు పడే సమయంలోనే దాని ముందు బేరింగుకు ఆయిల్ అందడం ఆగిపోతుంది. చదును రోడ్డు మీద నెలల తరబడి ఏమీ కాలేదని ధైర్యంగా ఉన్న బండి ఒక్క ఘాట్‌తో ఎందుకు పాడవుతుందో ఇక్కడ తెలుస్తుంది. పాడుచేసింది ఘాట్ కాదు, ఎక్కేనాటికే తక్కువగా ఉన్న ఆయిల్.

“సౌండు వస్తే అప్పుడు చూద్దాం” అనేవాళ్లు ఉన్నారు. వెనక నుంచి ఊళ వేసినట్టు సౌండు మొదలైందంటే పళ్ల ఉపరితలమో, బేరింగు ఉపరితలమో అప్పటికే దెబ్బతిన్నదని అర్థం. తర్వాత ఎంత మంచి ఆయిల్ పోసినా లేచిపోయిన లోహం తిరిగి రాదు. పైగా క్రౌను, పినియన్ జతగా తయారవుతాయి, జతగా అరగదీయబడతాయి, జతగానే అమ్ముడవుతాయి. పినియన్ ఒక్కటే పాడైంది కదా, అదొక్కటే మారుద్దాం అంటే కుదరదు. కొత్త సెట్టు వేసినప్పుడు షిమ్ములు పెట్టి పళ్ల మధ్య సందు సరిచూడాలి, పళ్లకు రంగు పూసి అచ్చు ఎక్కడ పడుతోందో చూడాలి. ఆ పని తెలిసిన చేతులు ప్రతి ఊళ్లో ఉండవు. ఆయిల్ సీలు వందల్లో వచ్చే వస్తువు. క్రౌన్ పినియన్ సెట్టు, బేరింగులు, మజూరీ, బండి నిలబడిన రోజుల కిరాయి కలిస్తే వేలు దాటుతుంది. సౌండు కోసం ఎదురుచూడమనే సలహా వందల పనిని వేలకు పెంచమనే సలహా.

ఆయిల్ పోసుకోవడం గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే పోసేదేమిటో ఎవరూ పట్టించుకోవడం లేదు. ఇంజను నుంచి తీసిన పాత ఆయిల్‌ను, “ఎలాగూ కారిపోయేదే” అని హౌసింగ్‌లో పోసేవాళ్లున్నారు. కారకుండా చిక్కగా ఉంటుందని గ్రీజు కలిపేవాళ్లున్నారు. ఈ అలవాట్లకు మూలం పాత యంత్రాలు. ఒకప్పటి ఇరుసుల్లో పినియన్, క్రౌన్ వీల్ నడి గీతకు ఎదురుగా ఉండేది. పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లేవి, మామూలు ఆయిల్‌తోనూ కొంతకాలం గడిచేది. 1920లలో అమెరికాలో గ్లీసన్ సంస్థ హైపాయిడ్ పళ్లను కోసే యంత్రాలు తెచ్చింది, ప్యాకార్డ్ కార్లు వాటిని తొలిగా వాడినవాటిలో ఉన్నాయి. ఇందులో పినియన్ నడి గీతకు పక్కకు జరిగి ఉంటుంది. దానివల్ల పళ్లు దొర్లడంతో పాటు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ జారతాయి. ఆ రాపిడిలో మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. అందుకే గంధకం, భాస్వరం కలిసిన ప్రత్యేక రసాయనాలున్న గేర్ ఆయిల్ అవసరమైంది. డబ్బా మీద జి.ఎల్.-5 అని రాసి ఉండేది ఇలాంటి పళ్ల కోసమే. గేర్ ఆయిల్ మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటు వాసన ఆ గంధకానిదే. ఇంజన్ ఆయిల్‌లో ఆ రక్షణ ఆ స్థాయిలో ఉండదు. గ్రీజు సంగతి ఇంకా అధ్వానం. అది ప్రవహించదు. క్రౌను ఒకసారి దాన్ని పక్కకు నెట్టాక అక్కడే ఉండిపోతుంది, బేరింగు దారుల్లోకి పోదు. కారడం ఆగినట్టు కనిపిస్తుంది, బేరింగులకు అందడమూ ఆగిపోతుంది. లీకు ఆపే మందులని అమ్మే సీసాలు చాలావరకు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తాయి. రాయిలా గట్టిపడిన సీలుకు కొన్నాళ్లు పనిచేయవచ్చు. అరిగిన సీలుకు, ఆడుతున్న షాఫ్టుకు అవి చేయగలిగింది ఏమీ లేదు.

ఇక రెండో మాట: “సీలు మార్చేస్తే పోతుంది.” పోతే సంతోషమే. కానీ కొన్ని నెలలకే మళ్లీ కారితే “ఈ బండి ఇంతే, డూప్లికేట్ సీళ్లు వస్తున్నాయి” అంటారు. నకిలీ సీళ్లు మార్కెట్లో లేవని నేను అనను. అయితే మంచి సీలును కూడా చెడగొట్టే కారణాలు బండిలోనే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూడకుండా తప్పును సీలు మీదకు నెట్టడం అన్యాయం.

మొదటిది బ్రీదర్. ఇరుసు గొట్టం మీదనో హౌసింగ్ మీదనో ఉండే చిన్న టోపీలాంటి భాగం, లోపలి గాలికి ఊపిరి తీసుకునే దారి. బండి నడిస్తే ఆయిల్ వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. 30 డిగ్రీల దగ్గర మూసుకున్న గాలి 90 డిగ్రీలకు చేరితే దాని ఒత్తిడి దాదాపు ఐదో వంతు పెరుగుతుంది. బ్రీదర్ తెరిచి ఉంటే ఆ ఒత్తిడి బయటికి పోతుంది. బురదతో పూడుకుపోతే పోయే దారి సీలు పెదవి కింద నుంచే. ఇలాంటి సీలు పెదవిని చేసింది ఆయిల్ చిమ్మును ఆపడానికి, లోపలి నుంచి నెట్టుకొచ్చే గాలిని ఆపడానికి కాదు. వరి కోతలప్పుడు పొలం గట్ల వెంట, చేపల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకు బ్రీదర్ పూడుకుపోవడం సులువు. అలాంటి బండికి ఎన్ని సీళ్లు మార్చినా కారుతూనే ఉంటుంది. బ్రీదర్ విప్పి, డీజిల్‌లో కడిగి, ఊది చూసి బిగించడానికి ఒక్క రూపాయి సామాను అక్కర్లేదు. ఈ ఖర్చులేని పని చేయకుండా సీలు మీద చేయి వేసే మెకానిక్ తలకిందులుగా పనిచేస్తున్నాడు.

బ్రీదర్ పూడుకుపోతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. వేడెక్కిన ఇరుసు ఒక్కసారిగా నీళ్లలోకి దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి నీటిని సీళ్ల సందుల్లోంచి లాక్కుంటుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగుకు మారితే నీళ్లు చేరాయని గుర్తు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు ఎన్నో బండ్లు నీళ్లలో నిలబడ్డాయి. అలా మునిగిన బండికి ఇంజను శుభ్రం చేయించి, వెనక హౌసింగ్ ఆయిల్ మార్చకుండా రోడ్డెక్కిస్తే బేరింగులను తుప్పుకు అప్పగించినట్టే. ఆయిల్ బయటికి వచ్చే దారి నీళ్లు లోపలికి వెళ్లే దారి కూడా. “కారితే పోసుకుంటాం” అనేవాళ్ల లెక్కలో ఈ రెండో ప్రయాణం లేదు.

రెండో కారణం ఫ్లాంజి. సీలు పెదవి ఏళ్ల తరబడి ఒకేచోట రాసుకుంటుంది. దుమ్ము కణాలు రబ్బరులో ఇరుక్కుని ఉక్కును కోస్తాయి. ఫ్లాంజి మీద గోటికి తగిలేంత గాడి పడుతుంది. ఆ గాడి మీద కొత్త సీలు పెదవి సరిగా కూర్చోదు. దానికి పలచటి స్లీవు తొడగాలి, లేదా ఫ్లాంజి మార్చాలి. కుదిరిన చోట సీలును కాస్త లోతు మార్చి కూర్చోబెట్టి పెదవిని నున్నటి చోటికి జరపాలి. ఇవేవీ చేయకుండా పాత గాడి మీద కొత్త సీలు వేస్తే వేసిన వారంలోనే చెమ్మ కనిపించినా ఆశ్చర్యం లేదు.

మూడోది బేరింగు ఆట. షాఫ్టు విప్పి, ఫ్లాంజిని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ, ముందుకూ వెనక్కూ ఊపి చూడాలి. గుండ్రంగా తిప్పినప్పుడు కొద్ది సందు ఉండటం సహజం, అది పళ్ల మధ్య సందు. కానీ పక్కలకో ముందువెనకలకో కదిలిందంటే పినియన్ బేరింగులు అరిగాయి లేదా బిగువు పోయింది. ఆడుతున్న పినియన్ మీద ఏ సీలూ నిలవదు. అక్కడ కారడం రోగం కాదు, లోపలి రోగానికి బయటి గుర్తు. సీలు మార్చి పంపిస్తే ఆ గుర్తు కొన్నాళ్లు కనిపించకుండా పోతుంది. బేరింగు అరుగుదల మాత్రం సాగుతుంది. షాఫ్టు చివర కీలులాంటి క్రాసు అరిగినా, షాఫ్టు వంగినా వచ్చే అదురు కూడా సీలునే తింటుంది. క్రాసు చూడకుండా సీలు మార్చినవాడు సగం పని చేసినట్టు.

నాలుగోది ఓవర్‌లోడు. బండికి అనుమతించిన పాసింగ్ బరువుకు మించి వేసుకుని తిరిగితే ఇరుసు గొట్టం కొద్దిగా వంగవచ్చు, హౌసింగ్ వెల్డింగు దగ్గర సన్నటి పగులు రావచ్చు. గొట్టం కొంచెం వంగినా, చక్రాన్ని తిప్పే యాక్సిల్ షాఫ్టు సీలు నడిమధ్యలో తిరగదు, ఒకవైపు ఒత్తుకుని అరుగుతుంది. పగులు మీద ఎం-సీల్ పూసి, పైన నల్ల రంగు కొట్టిన హౌసింగులు కనిపిస్తూనే ఉంటాయి. ఆ పూత ఆయిల్‌ను కొన్నాళ్లు ఆపుతుంది. పగులు పెరగడాన్ని ఆపదు.

ఇవన్నీ చూడకముందే ఇంకో సంగతి తేల్చాలి: కారుతున్నది నిజంగా హౌసింగ్ ఆయిలేనా? గేర్‌బాక్సు వెనక సీలు నుంచి, కొన్నిసార్లు ఇంజను నుంచి కారిన ఆయిల్‌ను గాలి వెనక్కి కొట్టుకొచ్చి ఇరుసు మీద పూస్తుంది. లెవెల్ ప్లగ్గు దగ్గర వాషరు పోయినా, కవరు బోల్టు వదులైనా కింది అంచుకు జారి సీలు కారుతున్నట్టే కనిపిస్తుంది. ముందు డీజిల్‌తో మొత్తం కడిగి, ఆరనిచ్చి, టాల్కం పౌడరు చల్లి కొంత దూరం నడిపి చూస్తే తడి ఎక్కడ మొదలైందో తెల్లటి పొడి మీద స్పష్టంగా తెలుస్తుంది. కారేచోట అడుగున ఉండే చుక్కను కాదు, అన్నిటికంటే పైన మొదలైన తడిని వెతకాలి. ఎంత అనుభవం ఉన్న మెకానిక్ అయినా జిడ్డు పట్టిన హౌసింగ్‌ను చూసి కారణం చెబితే అది అంచనాయే.

ఎదుటివాళ్ల వాదనల్లో బలమైనది ఒకటుంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. “కంపెనీ బిగించిన హౌసింగ్‌ను కదిపితే కొత్త రోగాలు వస్తాయి. కారుతున్నా నడుస్తున్న బండిని తెరవడం ఎందుకు?” ఈ భయానికి ఆధారం ఉంది. పినియన్ సీలు మార్చాలంటే ఫ్లాంజి నట్టు విప్పాలి. చాలా ఇరుసుల్లో ఆ నట్టు బిగువే లోపలి బేరింగుల బిగువును నిర్ణయిస్తుంది. మధ్యలో ఉండే నలిగే గొట్టం ఒకసారి అవసరానికి మించి నలిగితే తిరిగి వెనక్కి రాదు, కొత్తది వేయాల్సిందే. ఎయిర్ గన్‌తో టకటకా కొట్టి బిగించేస్తే బేరింగులు బిగుసుకుపోయి వేడెక్కి పోతాయి. వదులుగా వదిలేస్తే ఆట వచ్చి మళ్లీ కారుతుంది. ఇలా పాడైన బండ్లు ఉన్నాయి కనుకే ఈ భయం పుట్టింది.

కానీ దీనినుంచి తీయాల్సిన తీర్పు “తెరవొద్దు” అని కాదు, “కొలవకుండా తెరవొద్దు” అని. విప్పేముందు నట్టు, ఫ్లాంజి, పినియన్ మూడింటి మీదా గుర్తు పెట్టుకోవాలి. పినియన్ తిరగడానికి ఎంత బలం పడుతోందో కొలిచి రాసుకోవాలి. ఖరీదైన టార్క్ రెంచి లేకపోయినా ఫ్లాంజి చుట్టూ తాడు చుట్టి స్ప్రింగు కాటాతో నిదానంగా లాగి ఆ బలం చూడవచ్చు. తిరిగి బిగించేటప్పుడు కొద్దికొద్దిగా బిగిస్తూ, మధ్యమధ్య తిప్పి చూస్తూ, ముందున్న బలానికి చేర్చాలి. అది ఏ బండికి ఎంత ఉండాలో, నట్టు కొత్తది వేయాలో వద్దో తయారీదారు మాన్యువల్‌లో ఉంటుంది. సీలు పెదవి ఆయిల్ వైపు ఉండాలి, స్ప్రింగు జారకూడదు, పెదవికి ఆయిల్ రాయాలి, సుత్తితో ఒక అంచును కొట్టకుండా సరిపోయే గొట్టంతో సమంగా దించాలి. ఇదంతా చేతి ఒడుపు, శ్రద్ధ ఉన్న ఏ మెకానిక్‌కైనా సాధ్యమే. చెడ్డ రిపేరు ఉందన్న కారణంతో రిపేరే వద్దనడం వాదన కాదు. పైగా నేను ముందు చెప్పిన బ్రీదర్, ప్లగ్గు వాషరు, కవరు బోల్టులు, ఆయిల్ మట్టం, ఇవన్నీ పినియన్ నట్టును ముట్టకుండానే చూసేవి. ఆ పనులకు ఈ భయం అడ్డు రాదు.

మజూరీ గురించీ ఒక మాట. మెకానిక్కులందరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కవరుకు సిలికాన్ పూసి, అది గట్టిపడేదాకా ఆగి ఆయిల్ పోయాలని మెకానిక్‌కు తెలుసు. “సాయంత్రం లోడుంది, ఇప్పుడే ఇచ్చేయ్” అని ఓనరు నెత్తిమీద కూర్చుంటే ఆగలేడు. పాత గాస్కెట్ ముక్కలు గీకి, జిడ్డు తుడిచి, పలచటి గీతలా పూయడానికి టైము పడుతుంది. ఆ టైముకు డబ్బు ఇవ్వడానికి మనం ఒప్పుకోం, సామానుకు మాత్రమే ఇస్తాం. మంచి పనికి గిరాకీ లేనిచోట మంచి పని ఎక్కడ పుడుతుంది? కాబట్టి ఈ చెడ్డ నానుడికి షెడ్డుతో పాటు ఓనరూ బాధ్యుడే.

ఇప్పటిదాకా చెప్పింది బండికి జరిగే నష్టం. మనుషులకు జరిగే నష్టం దీనికంటే పెద్దది. పినియన్ దగ్గర కాకుండా యాక్సిల్ షాఫ్టు చివర సీలు పోతే ఆయిల్ చక్రం లోపలికి, బ్రేకు డ్రమ్ములోకి చేరుతుంది. బ్రేకు లైనర్లు ఆయిల్ తాగుతాయి. పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించే అలవాటు మన షెడ్లలో ఉంది. అది పనికిరాదు. లైనర్ లోపలికి ఇంకిన ఆయిల్ బ్రేకు వేడెక్కినప్పుడల్లా మళ్లీ పైకి వస్తుంది. లైనర్లు రెండు చక్రాలకూ కలిపి మార్చాలి, ముందు కారణం సరిచేయాలి. ఒకవైపు బ్రేకు పట్టి, ఇంకోవైపు జారితే వానలో తడిసిన రోడ్డు మీద లోడు బండి అడ్డం తిరగడానికి అదే చాలు. ఘాట్ దిగేటప్పుడు ఆ బండి వెనక ఆర్టీసీ బస్సు ఉండొచ్చు, ముందు బైకు మీద ఓ కుటుంబం ఉండొచ్చు. “ఆ మాత్రం ఉంటుంది” అన్నవాడు వాళ్ల తరఫున కూడా మాట్లాడుతున్నాడు, వాళ్లను అడగకుండా. మలుపుల్లో రోడ్డు మీద పడిన ఆయిల్ తొలకరి జల్లుకు తేలి బైకులను జార్చేసే సంగతి బైకు నడిపే ప్రతివారికీ తెలుసు.

అలాగని హౌసింగ్ మీద చెమ్మ కనిపించగానే బండి ఆపేయమని నేను అనడం లేదు. సీలు పెదవి పలచటి ఆయిల్ పొర మీదే తిరుగుతుంది. కొన్ని సీళ్ల చుట్టూ కొద్దిగా తడి, దానికి పట్టిన దుమ్ము ఉండవచ్చు. “మామూలే” అన్న మాటకు ఉన్న నిజం అంతవరకే. అది నిజంగా అంతేనా అన్నది కొలిస్తేనే తెలుస్తుంది. తుడిచి, బండిని చదునైన చోట నిలిపి, లెవెల్ ప్లగ్గు తీసి, ఆయిల్ రంధ్రం అంచు దాకా ఉందో లేదో వేలితో చూసి తేదీ రాసుకోవాలి. కొన్ని వారాలకు మళ్లీ చూడాలి. మట్టం కదలకపోతే చెమ్మే. కదిలితే లీకు. మట్టం చూడకుండా చెమ్మ అని తేల్చడం, రోగిని ముట్టకుండా ఆరోగ్యంగా ఉన్నాడని చెప్పడం లాంటిది. ఆయిల్ పోసేటప్పుడు మించి పోయడమూ తప్పే. ఎక్కువైనది సీళ్ల మీదకు, హబ్బుల్లోకి ఎగబాకుతుంది.

ఈ మాట వల్ల ఎవరికి లాభమో కూడా చూడాలి. పాత బండి అమ్మేవాడికి లాభం. అడుగంతా కడిగి రంగు కొట్టి, కొత్త ఆయిల్ నింపి చూపిస్తాడు, “క్రౌను కొంచెం చెమర్చడం కామన్” అంటాడు. కొన్నవాడు అప్పు చేసి కొన్న టాటా ఏసో, బొలెరో పికప్పో మొదటి సీజన్‌లోనే షెడ్డుకు చేరుతుంది. నష్టం వాడిది. జీతానికి నడిపే డ్రైవరుదీ నష్టమే. లీకుందని చెబితే ఓనరు వినడు, బండి ఘాట్ మధ్యలో ఆగితే తప్పు డ్రైవరుది. గుంటూరు మిర్చి యార్డుకో మదనపల్లె టమాటా మార్కెట్‌కో సరుకు చేర్చాల్సిన రైతుకూ నష్టం. బండి ఆగిన గంటల్లో ధర పడిపోయినా అడిగేవాడు ఉండడు. “మామూలే” అన్నవాడు మాత్రం ఏ ఒక్కరి నష్టంలోనూ పైసా భరించడు.

కాబట్టి ఓనర్లకు నా విన్నపం: షెడ్డులో “సీలు ఎంత?” అని అడిగేముందు “ఎందుకు కారింది?” అని అడగండి. జవాబు చెప్పిన మెకానిక్‌కు అడిగిన మజూరీ ఇవ్వండి. డ్రైవర్లకు: కింద జిడ్డు చారలు చూస్తే ఫోటో తీసి ఓనరుకు పంపండి, మాట మీద వదిలేయకండి. మెకానిక్కులకు: బ్రీదర్ చూడకుండా, ఫ్లాంజి ఊపకుండా సీలు మీద చేయి వేయకండి. పాత బండి కొనేవాళ్లకు: బేరం కుదిరేముందు లెవెల్ ప్లగ్గు తీయించి ఆయిల్ రంగు చూడండి, తీయనివ్వకపోతే లేచి వచ్చేయండి. ఈ వారంలోనే మీ బండిని చదునైన చోట నిలిపి ఆ ప్లగ్గు విప్పండి. ఆయిల్ అంచు దాకా లేకపోతే, కొత్తది పోసేముందు పాతది ఎటు పోయిందో కనుక్కోండి.